వీధికి ఎన్నో నెల?

నెల్లూరు,
20 జనవరి 1961

తమ్ముడు సంజీవరావుకు,

నేను బాగున్నాను. పుష్పకుమారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. రోజూ ఉదయం మీ అందరి పేర్లూ ఎత్తి ప్రార్థన చేస్తున్నాను.

మే నెలాఖరుకు ఆసుపత్రిలో నా నర్సు ఉద్యోగం అయిపోతుంది. క్వార్టర్సు ఖాళీ చేయాలి. మద్రాసు వచ్చి మీ దగ్గరే ఉండమంటావని తెలుసు. అది వద్దు. నేను ఏటిమొగ పాళెంలో ఉండదలచుకున్నాను. కోవూరు దాటి తూర్పుగా పోతే, పెన్న సముద్రంలో కలిసేచోట, చేపలు పట్టేవాళ్ళ ఊరు. మొన్న నవంబరు వానలకు దారి తెగి, అక్కడి కబురు నాకు చేరేసరికి రెండు రోజులు పట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు కాన్పులోనే పోయారు. అందులో ఒకామె ఊరిపెద్ద చిన్నపోలయ్య పెద్ద కూతురు. ఇప్పుడు ఆ ఇంట్లోనే ముసలమ్మకు మూడో నెల. జూలైలో కాన్పు. చిన్నపోలయ్య మొన్న ఆసుపత్రికి వచ్చి, ఆ ఒక్క మాట చెప్పి, ఇంకేమీ అడగకుండా సాయంత్రం దాకా వరండాలో కూర్చుని పోయాడు.

పాళెంలో గది కట్టడానికి వీల్లేదు. నేల సర్కారుది. పునాది ఉన్న దేనికైనా అనుమతి కావాలి. అది వచ్చేసరికి నేనుండను. చక్రాలున్నదానికి అనుమతి అక్కరలేదట. మోటారు వెనక తగిలించి లాగే ట్రైలరు ఇల్లు ఉంటుందే, అటువంటిది ఒకటి కావాలి. నువ్వు బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రివి. నీకు తెలుస్తుంది. ఖర్చు నాది.

అది వీధిలోపలికి, బావి దాకా పోవాలి. ఊరి బయట నిలిపితే ఆడవాళ్ళు సిగ్గుపడి రారు. చిన్నపోలయ్య చేత వీధి కొలిపించాను. తిన్నగా ఉన్నచోట మూడు బారలు. గురవమ్మ ఇంటి మలుపులో రెండు బారలు.

చూసిపెట్టు.

అక్క,
రెబెక్కమ్మ


పురసవాక్కం, మద్రాసు,
2 ఫిబ్రవరి 1961

అక్కా,

నీ ఉత్తరం చేరింది. ముందు ఒక సంగతి. ముసలమ్మకు మూడో నెలేమిటి? పుష్ప ఆ ముక్క రెండుసార్లు చదివి, ఈ వయసులో ఆమెకు ఈ కష్టం ఏమిటని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. మొగుడున్నాడా? ఉంటే ఆయన వయసెంత? ఈ సంగతి మేడమీద అద్దెకున్న వాళ్ళతో అన్నాను. వాళ్ళు కూడా అన్నం తినలేదు.

ఇక నీ ఇంటి సంగతి. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను సాకి, చదివించి, ఇంతవాణ్ణి చేసినావు. నీకు ఏదో పెట్టెలాంటిది కొనిపెడతానా? దేవుడే నాకు దారి చూపించినాడు. టీ తోటల దొర ఒకాయన సొంత దేశం పోతా పోతా తన ట్రైలరు అమ్ముతున్నాడు. పద్దెనిమిది అడుగుల పొడుగు, ఏడున్నర వెడల్పు, నాలుగు చక్రాలు. రెండు మంచాలు, చెయ్యి కడుక్కునే తొట్టి, దానికి కొళాయి. అన్నిటికన్నా మించి ఒక నిలువుటద్దం. నేను దాని ముందు నిలబడితే తలకాయ నుంచి చెప్పుల దాకా ఒకేసారి కనిపించినాను. నలభై మూడేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇరుకవుతుందని భయపడవద్దు. బార అంటే ఆరడుగులు. మూడు బారలంటే పద్దెనిమిది, మలుపులో పన్నెండు. మేముండే వీధికన్నా మీ పాళెం వీధే పెద్దది. అందులో బ్యాండు మేళంతో ఊరేగింపు పోవచ్చు.

నువ్వు ఊఁ అంటే చాలు. అనకపోయినా పరవాలేదు.

నీ తమ్ముడు
సంజీవి


నెల్లూరు,
9 ఫిబ్రవరి 1961

సంజీవీ,

ముసలమ్మ అనేది పేరు. వయసు పంతొమ్మిది. చిన్నపోలయ్య రెండో కూతురు. పోయిన పిల్లకు చెల్లెలు. ఆమె మొగుడికి ఇరవై రెండు. ఆ పాళెంలో ముసలమ్మలు ఆరుగురున్నారు, ఇంకా నడక రానిది ఒకతి. పుష్పను కళ్ళు తుడుచుకోమను. మేడమీద వాళ్ళను భోంచేయమను.

నిలువుటద్దం నాకెందుకు? నేను ఎట్లా ఉంటానో నాకు తెలుసు.

పద్దెనిమిది అడుగులంటే ఎంతో వరండాలో నడిచి చూశాను. మందుల గది గుమ్మం నుంచి డాక్టరమ్మ కుర్చీ దాకా వచ్చింది. అంతటిది గురవమ్మ ఇంటి మలుపులో తిరుగుతుందా అని నాకు సందేహం. ఆ మలుపులో నీళ్ళ కడవతో పోయే మనిషికే ఎదురు మనిషి ఒత్తిగిలి దారి ఇవ్వాలి. వచ్చే శనివారం నేనే వెళ్ళి కొలుస్తాను. అప్పటిదాకా దొరగారికి మాట ఇవ్వకు.

అక్క


పురసవాక్కం,
11 ఫిబ్రవరి 1961

అక్కా,

మాట ఇచ్చేశాను.

నీ జవాబు కోసం చూస్తే ఎవడో రైల్వే కంట్రాక్టరు తన్నుకుపోయేట్టున్నాడు. అందుకని నిన్న షెడ్డు లారీకి తగిలించి మన ఇంటి ముందుకు తెచ్చాను. వీధి వీధంతా బయటికొచ్చింది. ఇరుకు వీధి ఇరుకు వీధి అంటారు గానీ ఇందులోకే దూరింది. అటూ ఇటూ చెయ్యి పట్టేంత సందు మిగిలింది. ఇక్కడే ఇట్లా ఉంటే మీ మూడు బారల వీధిలో దానికి చలేస్తుంది.

పుష్ప పొద్దున లేస్తూనే అద్దం దగ్గరికి పోయి తల దువ్వుకొచ్చింది. నీ గురించి ఆమె ఇంత గౌరవంగా మాట్లాడటం పెళ్ళయినప్పటి నుంచి వినలేదు.

సంజీవి


నెల్లూరు,
19 ఫిబ్రవరి 1961

తమ్ముడికి,

నీ 11వ తేదీ ఉత్తరం నిన్న సాయంత్రం, పాళెం నుంచి తిరిగివచ్చాక చూశాను. కొంచెం ముందు చూసి ఉంటే బాగుండేది.

నా దగ్గర ఉన్న టేపు గర్భిణీల పొట్ట కొలిచేది. ఐదడుగుల గుడ్డ టేపు. దానితోనే వీధికి అడ్డంగా వంగి కొలుస్తుంటే గురవమ్మ అరుగు మీద నుంచి చూసింది. ఆమెకు డెబ్బై దాటాయి. ఊళ్ళో ఎవరికీ భయపడదు.

"ఏమ్మా రెబెక్కమ్మా, వీధికి ఎన్నో నెల?" అన్నది.

నీళ్ళకు పోయే ఆడవాళ్ళందరూ కడవలు దించి నవ్వారు. తర్వాత నేను ఏ ఇంటి ముందు వంగినా ఇదే మాట. ఒకామె కవల వీధులేమో చూడమన్నది.

తిన్నగా ఉన్నచోట రెండు టేపులు, రెండు అడుగులు. అంటే పన్నెండడుగులు. మలుపులో ఎనిమిది. చిన్నపోలయ్యను పిలిచి మూడు బారలు ఎట్లా వచ్చాయని అడిగాను. ఆయన ఆరడుగుల మనిషి. చాలాసేపు కాలిబొటనవేలితో ఇసుక గీరాడు.

"మోకు కొనేటప్పుడు ఒక బార, అమ్మేటప్పుడు ఒక బార ఉంటది గదమ్మా. కొనేటప్పుడు రొమ్ము ఇరిసి చేతులు చాపతాం. అమ్మేటప్పుడు మోచేతులు ముడుస్తాం. నేను అమ్మే బార ఏసినా" అన్నాడు.

వీధిని ఎవరికి అమ్ముతున్నావన్నాను.

"నీకేనమ్మా. ఇరుకని జెప్తే నువ్వు రావేమోనని."

 ఇంటికి వచ్చి ఆయన ఆడిన అబద్ధం కోసం ప్రార్థన చేశాను. ఆ మాట వినగానే సంతోషించినందుకు నా కోసం కూడా చేశాను.

దొరగారి బండి వద్దు. తిరిగి ఇచ్చెయ్యి.

అక్క


పురసవాక్కం,
2 మార్చి 1961

అక్కా,

తిరిగి ఇచ్చెయ్యమని ఒక్క ముక్క రాసినావు. ఇవ్వాలంటే ముందు అది వీధి దాటాలి గదా.

లోపలికి వచ్చిన బండి బయటికి రాలేదు. లారీని ఎడమకు తిప్పి వెనక్కి నెడితే బండి కుడికి పోతుంది. కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. నేను పాతికేళ్ళు బాడీలు కట్టినానే గానీ వెనక్కి నెట్టలేదు. రెండో నాటికి అది వీధికి అడ్డంగా, మూల నుంచి మూలకు బిగుసుకుంది. అట్లా పద్నాలుగు రోజులుంది.

పాలవాడి గేదె ఇవతలే ఆగిపోయింది. పోస్టు జవాను ఉత్తరాలు బండి కింద నుంచి విసిరినాడు. నీ 19వ తేదీ ఉత్తరం నాకు అట్లానే అందింది, దాని మీద గ్రీజు మరక కూడా పడింది. ఎదురింటి అయ్యరు గారి భార్య దాని పైకప్పు మీద అప్పడాలు ఎండబెట్టింది. మూడో ఇంట్లో పెళ్ళికూతురు అద్దం ముందు నిలబడి ముస్తాబయింది. ఆ మర్నాటి నుంచి అద్దానికి క్యూ. పుష్ప ఆ క్యూను అదుపులో పెట్టేది. నాతో మాత్రం మాట్లాడేది కాదు.

చివరికి మా ప్రహరీ గోడ పడగొట్టి బయటికి తీసినాం. ఆ రైల్వే కంట్రాక్టరే పట్టుకుపోయినాడు. బండి కదులుతుంటే పుష్ప గుమ్మంలో నిలబడి అద్దాన్నే చూసింది. నన్ను కాదు.

నేను నీకు గొప్పగా ఏదో చేద్దామనుకున్నాను. చేసిందల్లా మా గోడ పడగొట్టడం. నీకు కోపం వచ్చిందని నీ చిన్న ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఇకమీదట నువ్వు చెప్పిందే వింటాను. అడుగులు, అంగుళాలు రాయి. బారలు వద్దు.

సంజీవి


నెల్లూరు,
8 మార్చి 1961

సంజీవీ,

నాకు కోపం లేదు. ఉత్తరం చిన్నదైతే కోపమని ఎవరు చెప్పారు? నీకు జ్వరం తగిలినప్పుడు కూడా నేను నాలుగు ముక్కలే రాశాను.

నువ్వు చేసింది వృథా కాలేదు. పద్దెనిమిది అడుగులది ఎందుకు పనికిరాదో నేను ఎంత చెప్పినా నీకు ఎక్కేది కాదు. మీ వీధి చెప్పింది.

చిన్నపోలయ్యను, గురవమ్మను కూర్చోబెట్టి మాట్లాడాను. తొమ్మిది అడుగుల పొడుగు చాలు. ఐదున్నర వెడల్పు చాలు. ఒక మనిషి పడుకోవాలి, పక్కన నేను కూర్చోవాలి, లేచి చేతులు కడుక్కోవాలి. అంతే పని. చక్రాలు రెండే ఉండాలి. ఆసుపత్రిలో నాలుగు చక్రాల తోపుడుబండి వరండా మలుపు తిప్పాలంటే ఇద్దరు కావాలి, గోడకు తగలక మానదు. చెత్త ఎత్తే రెండు చక్రాలది మాత్రం ఒక ఆయా ఒంటిచేత్తో ఎక్కడికక్కడే తిప్పుతుంది. లాగడానికి మోటారు రాదు, ఇసుక. మలుపు దాకా ఎడ్లు, ఆ తర్వాత మనుషులు. పడవ లాగినట్టు లాగుతామంటున్నారు.

ముసలమ్మకు ఐదో నెల వచ్చింది. కాళ్ళు కొంచెం వాచాయి. నన్ను చూస్తే పోయిన అక్క గుర్తొచ్చి లోపలికి పోతుంది. పిలిస్తే రాదు. ఈ ఊరి ఆడవాళ్ళందరూ అంతే. నెల తప్పితే ఏడో నెల దాకా కొంగు చాటున దాస్తారు. వాళ్ళ మధ్యలో ఉంటేనే తప్ప వీల్లేదు.

పుష్పకు ఒక చిన్న అద్దం కొనిపెట్టు. గోడ మళ్ళీ కట్టేటప్పుడు గుమ్మం కొంచెం వెడల్పు చేయించు.

అక్క


పురసవాక్కం,
14 ఏప్రిల్ 1961

అక్కా,

దొరికింది. కానీ చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మిలిటరీ వాళ్ళు పాత సామాను వేలం వేస్తుంటే పోయినాను. తొమ్మిది అడుగులు, ఐదున్నర, రెండు చక్రాలు. నువ్వు చెప్పినట్టే, అంగుళం తేడా లేదు. ఇరుసు మంచిది, టైర్లు కొత్తవి. పై ఎత్తు బాగా ఉంది, ఎంత ఎండైనా లోపల గాలి ఆడుతుంది. ముందొక తలుపు, వెనకొక తలుపు.

రెండు తలుపులెందుకంటే, వెనక ఎక్కిస్తే ముందు దించడానికి. ఎవరిని అంటే, గుర్రాలను. యుద్ధం రోజుల్లో జబ్బు చేసిన గుర్రాలను డాక్టరు దగ్గరకు తీసుకుపోయిన బండి అది. పక్కన ఇంగ్లీషులో 'గుర్రాలకు మాత్రమే' అని అక్షరాలున్నాయి. మూడు పూతలు తెల్లరంగు వేయించినాను. ఎండ పడితే మళ్ళీ కనిపిస్తున్నాయి. వాసన పోవడానికి సున్నం కొట్టి, ఫినాయిలు పోసి, సాంబ్రాణి పొగ వేసినాను. వానొస్తే ఎట్లా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను.

ఇంత చదువుకుని, ఇన్ని వందల కాన్పులు చేసిన మా అక్కకు నేను చివరికి గుర్రాల బండి కొన్నానని నలుగురికీ ఎట్లా చెప్పను? నువ్వు వద్దంటే ఇంకోటి వెతుకుతాను. నిజం రాయి.

సంజీవి


నెల్లూరు,
20 ఏప్రిల్ 1961

సంజీవీ,

అదే పంపు. గుర్రం నిలబడినచోట నేను నిలబడగలను.

అక్షరాల గురించి బెంగపడకు. పాళెంలో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు. చదివే తాసిల్దారు ఎప్పుడైనా వస్తే, గుర్రాలు వస్తాయని అనుకుని నా జోలికి రాడు.

లోపల గోడకు రెండు మేకులు కొట్టించు, ఒకటి లాంతరుకు, ఒకటి సంచికి. మంచం వద్దు, చెక్క బల్ల చాలు. పొడుగు, వెడల్పు సరిపోయాయి. ఇక కొలవవలసిందేమీ లేదు.

దేవునికి స్తోత్రం. నీకూ.

అక్క


ఏటిమొగ పాళెం,
9 జూన్ 1961

తమ్ముడికి,

బండి వచ్చింది. నువ్వు లారీ ఇచ్చి పంపిన హెబ్రోను మంచివాడు, దారంతా కీర్తనలు పాడుకుంటూ తోలాడట. తడ దగ్గర చెక్ పోస్టు గుమాస్తా ఒకడు బండి పక్కకు వచ్చి, ఎండలో ఆ అక్షరాలు చదివి, గుర్రాలేవన్నాడట. గుర్రాలు లేవు, మా పెద్దమ్మ కోసమని హెబ్రోను చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, ఆమె ఎన్ని మణుగులుంటుందని అడిగాడట.

కోవూరు నుంచి ఎడ్లు కట్టారు. ఇసుకలోకి వచ్చాక ఎడ్లను విప్పి, ముప్ఫైమంది మోకులు పట్టి పడవను లాగినట్టు పాట పాడుతూ లాగారు. రెండు చక్రాలు మలుపులో చక్కగా తిరిగాయి. గురవమ్మ అరుగుకూ చక్రానికీ మధ్య జానెడు మిగిలింది. నా టేపు నిజం చెప్పింది.

అంతలో పైన చప్పుడైంది. ఇళ్ళ చూర్లు. ఈ ఊళ్ళో తాటాకు చూరు గోడ దాటి, చెయ్యెత్తితే అందేంత ఎత్తున, వీధిలోకి రెండేసి అడుగులు వస్తుంది. ఇవతల గురవమ్మ చూరు, అవతల ఆమె మరిది చూరు. బండి పైభాగం రెండింటి మధ్యకూ దూరి, ముందుకు లాగితే గురవమ్మ ఇల్లు, వెనక్కి లాగితే మరిది ఇల్లు వెంట వచ్చేట్టు నిలిచింది.

తప్పు నాది. నువ్వు ఎత్తు గురించి రాసినప్పుడు గాలి ఆడుతుందన్న మాటే చూశాను. నేల కొలిచాను, తల ఎత్తి చూడలేదు.

చిన్నపోలయ్య కొడవలి తెచ్చి చూర్లు కోస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. వానలు వస్తున్నాయి, మళ్ళీ కప్పడానికి ఇప్పుడు తాటాకు దొరకదు. నా గది కోసం ఒకరి ఇల్లు కారకూడదు. బావి ఇంకా నలభై గజాలుంది. బండి ఇప్పుడు మలుపులో వీధిని పూర్తిగా మూసేసి ఉంది. ముసలమ్మకు నెల రోజులే ఉంది.

ఏం చేయాలో రాయి.

అక్క


పురసవాక్కం,
15 జూన్ 1961

అక్కా,

నీ ఉత్తరం చదివి పుష్ప ఒక మాట అన్నది: "మీ వంశంలో అందరూ వీధులకు బిరడాలు పెట్టేవాళ్ళేనా?"  

కానీ దీనికి ఉపాయం ఉంది. బండిని జాకీ మీద లేపి చక్రాలు ఊడదీస్తే అడుగున్నర కిందికి దిగుతుంది. అప్పుడు చూర్ల కింద నుంచి, పడవ కింద వేసే దుంగల మీద దొర్లించుకుంటూ బావి దాకా పోవచ్చు. ఒక్క తాటాకు ఊడదు. పెద్ద జాకీ షెడ్డులో ఉంది. సెలవు దొరకగానే నలుగురు మనుషులతో వస్తాను. అప్పటిదాకా ఓపిక పట్టు. తలుపులు రెండూ గట్టిగా వేసుకో. జనం అటూ ఇటూ ఎట్లా పోతున్నారు?

సంజీవి


ఏటిమొగ పాళెం,
23 జూన్ 1961

సంజీవీ,

జనం బండిలో నుంచి పోతున్నారు.

మొదటిరోజు పక్కనున్న కాలవలో దిగి, మోకాలి లోతు బురదలో చుట్టూ తిరిగి పోయారు. రెండో రోజు గురవమ్మ వెనక తలుపు తోసి లోపలికి వచ్చి, నా ముందు నుంచి నడిచి, ముందు తలుపులో నుంచి దిగి, "గుర్రాలు పొయ్యే దారేగా, మనం పోగూడదా?" అన్నది. అప్పటి నుంచి ఊరంతా ఇదే దారి. వెనక ఎక్కుతారు, ముందు దిగుతారు. మగవాళ్ళు వలలతో సముద్రానికి, ఆడవాళ్ళు కడవలతో బావికి. మేకలు కూడా. పోయే ప్రతివాళ్ళూ వస్తానమ్మా అని చెప్పి పోతారు. నేను ఉదయం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే చెప్పులు చేతబట్టుకుని, మునివేళ్ళ మీద నడిచిపోతున్నారు.

మొన్న ముసలమ్మ నీళ్ళకు పోతూ వచ్చింది. తప్పించుకునే దారి లేదు గదా. కాళ్ళు చూశాను, వాపు తగ్గింది. మర్నాడు తనంతట తానే బల్ల మీద కూర్చుంది. బిడ్డ కాళ్ళు కిందికి ఉన్నాయి. కొంచెం కష్టమే. అది ఆమెకు చెప్పలేదు.

కాన్పు అయ్యేదాకా బండిని కదిలించవద్దు.

అక్క


పురసవాక్కం,
3 జూలై 1961

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు మతిపోయింది. నువ్వు పడుకునేచోట మేకలు నడవడమేమిటి? పాతికేళ్ళు ఆసుపత్రిలో తెల్లచీర నలగకుండా బతికినదానివి. నువ్వు సర్దుకుపోయే మనిషివి, నోరు తెరిచి కష్టమని చెప్పవు, ఆ సంగతి నాకు తెలుసు. కదిలించవద్దని రాసినావంటే నన్ను ఇబ్బంది పెట్టకూడదనే గదా.

ఇక ఆగను. ఈ నెల ఇరవయ్యో తేదీ నుంచి సెలవు దొరికింది. జాకీ, నలుగురు మనుషులు సిద్ధం. పుష్ప, పిల్లలు కూడా వస్తామంటున్నారు. ఒక్క పూటలో నిన్ను బావి దగ్గర నిలబెట్టి, చుట్టూ తడికె కట్టించి వస్తాను. ఎవరూ నీ గడప తొక్కరు.

నీ తమ్ముడు
సంజీవి


ఏటిమొగ పాళెం,
15 జూలై 1961

ప్రియమైన సంజీవికి,

నిన్న ముసలమ్మకు ఆడపిల్ల. ఐదు పౌన్లు. ఎదురుకాళ్ళతోనే వచ్చింది. తల్లీ బిడ్డా నా బల్ల మీదే నిద్రపోతున్నారు. నేను గురవమ్మ అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. రెండు తలుపులూ మూశాను. మధ్యాహ్నం రెండు దాకా పట్టింది. లోపల నాకు ఇంకో ఆలోచన లేదు. బిడ్డ ఏడ్చాక చేతులు కడుక్కుని తలుపు తీశాను. మగవాళ్ళందరూ వలలు భుజాన వేసుకుని వీధిలో కూర్చుని ఉన్నారు. సముద్రానికి బయలుదేరినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. కాలవలో దిగి పోవచ్చు. ఎవరూ పోలేదు, ఎవరూ తలుపు తట్టలేదు. ఆ రోజు ఒక్క పడవా నీళ్ళలోకి దిగలేదు. అవతలి తలుపు తీస్తే ఆడవాళ్ళు, నిండిన కడవలతో, పొద్దుటి నుంచి.

చిన్నపోలయ్యతో, ఇద్దరూ బాగున్నారన్నాను. ఆయన తలపాగా విప్పి చుట్టుకున్నాడు. మళ్ళీ విప్పి చుట్టుకున్నాడు. నాలుగుసార్లు. తర్వాత లోపలికి పోయి, బిడ్డను చూడకుండా ముందు కూతురు ముఖం చూశాడు.

నువ్వు నాకు కష్టంగా ఉందనుకుంటున్నావు. మేకల సంగతి నిజమే, వాటికి మర్యాద తెలియదు. కానీ ఈ ఐదు వారాల్లో నీళ్ళకు పోతూ వస్తూ నా ముందు నుంచి నడిచిన వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళు తొమ్మిదిమంది. పేర్లు రాసుకున్నాను. అందులో ఆరుగురి సంగతి వాళ్ళ అత్తలకే తెలియదు. బావి దగ్గర తడికె కట్టుకుని కూర్చుని ఉంటే వీళ్ళలో ఒక్కరూ నా దగ్గరకు వచ్చేవాళ్ళు కారు. ఇప్పుడు కడవ దించి ఒక నిమిషం ఆగుతారు. ఆ నిమిషం చాలు.

నవంబరు వానల లోపల ముగ్గురికి కాన్పులున్నాయి.

నువ్వు ఇరవయ్యో తేదీ రా. పుష్పను, పిల్లలను తీసుకుని రా. వెనక తలుపున ఎక్కి ముందు తలుపున దిగితే గురవమ్మ ఇల్లు, మీకు అక్కడే పడక. చిన్నపోలయ్య మీ కోసం మంచి చేపలు చూస్తానన్నాడు. షెడ్డు మనుషులు వద్దు.

జాకీ తేవద్దు.

అక్క,
రెబెక్కమ్మ